ఐదో వరుస, తొమ్మిదో గడి

దిగుడు 4116వ రోజు, మొదటి షిఫ్ట్

కూర్చోగానే మౌస్‌ను కొంగుతో తుడిచాను. సెకండ్ షిఫ్ట్ ఓదెలు పుట్టగొడుగుల కూర తిని చెయ్యి కడుక్కోకుండా దాన్ని పట్టుకుంటాడు. వద్దని ఈ షిఫ్ట్ పుస్తకంలోనే మూడుసార్లు రాశాను. చదివాడో లేదో గానీ జిడ్డు మాత్రం పోలేదు.

గాలి ఇవ్వడం మొదలుపెట్టాను. తెర మీద పదమూడు వరుసలు, వరుసకు ఇరవై నాలుగు బొమ్మలు. ఒక్కో బొమ్మ, మేం దిగి కాపురం పెట్టిన ఈ బొగ్గు బాయిలో ఒక్కో ఇంటి పెద్దది. ముఖం మీద నొక్కితే ఆ ఇంటి గాలి తలుపు తెరుచుకుంటుంది, బొమ్మ చుట్టూ పచ్చగా మెరుస్తుంది. గాలి నిండాక తలుపు తనంతట తానే మూసుకుంటుంది. నా షిఫ్ట్‌లో రెండుసార్లు, ఓదెలు షిఫ్ట్‌లో రెండుసార్లు ఇస్తాం. మూడు వందల పన్నెండు ముఖాలనూ నేను ఇరవై నిమిషాల్లో ముగిస్తాను. ఓదెలుకు గంటన్నర పడుతుంది. ఒక్కో బొమ్మతో మాట్లాడతాడు మరి. ఏం మామా దగ్గు తగ్గిందా అంటాడు, గాలి తీస్కో అక్కా అంటాడు. ఇలాంటివాణ్ణి ఈ కుర్చీలో ఎవరు కూర్చోబెట్టారో!

ఇవాళ ఐదో వరుస తొమ్మిదో గడి దగ్గర నా వేలు ఆగింది. బొమ్మ లేదు. బూడిద రంగు జాగా మాత్రం ఉంది.

ఎవరో పోయి ఉంటారు. మనిషి పోతే ఆ బొమ్మను పట్టి ఉన్నవాళ్లంతా, అంటే ఈ మనిషి నాకు కావాలని యంత్రంలో పేరు రాయించుకున్నవాళ్లంతా, పట్టు విడుస్తారు. ఎవరి పట్టూ లేని బొమ్మను యంత్రం ఊడ్చేస్తుంది, పాతది కదా, దాని మెమరీలో జాగా చాలదు. రేపు పొద్దునకు డప్పు వినిపిస్తుందనుకుని ఆ గడి దాటి ముందుకు పోయాను. ముఖం లేని చోట వేలు పెట్టకూడదు, అది మా మొదటి నియమం.

ఇంతకీ ఆ గడిలో ఎవరుండేవారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.


దిగుడు 4118, మొదటి షిఫ్ట్

డప్పు మోగలేదు. రెండు రోజులైంది.

సర్దార్ నర్సింగం టీ తాగడానికి వచ్చినప్పుడు, ఎవరైనా పోయారా అని మాటవరసకు అడిగాను. ఆయన పంచాయితీకి పెద్ద, చావుకైనా పెళ్లికైనా ఆయనకు తెలియకుండా డప్పు కదలదు. ఈ నెలలో ఎవరూ పోలేదన్నారు. పైగా నన్ను మెచ్చుకున్నారు. మొన్నటి ఊడ్పు వారంలో అక్కరలేని పట్టులు ఎక్కువ విడిచి, యంత్రానికి అందరికంటే ఎక్కువ జాగా మిగిల్చింది నేనే. పదకొండు విడిచాను. బహుమతిగా రెండు బకెట్ల అదనపు స్నానం దక్కింది. వేడినీళ్లు! తల మీద పోసుకుంటుంటే ప్రాణం లేచి వచ్చింది.

చావు లేకుండా బొమ్మ ఎలా పోతుంది? నిప్పు లేనిదే పొగ రాదు. ఎవరో తీసి ఉండాలి. తెర ముందు కూర్చునేది ఇద్దరమే, నేను తీయలేదు.


దిగుడు 4119, మొదటి షిఫ్ట్

నొక్కుల చిట్టా తీసి చూశాను. వేలు ఎక్కడ పడిందో, ఏ వేళకు పడిందో యంత్రం అందులో రాసుకుంటుంది. పేర్లుండవు, వరుసా గడీ మాత్రమే.

సెకండ్ షిఫ్ట్‌లో ఐదో వరుస తొమ్మిదో గడిలో రోజూ రెండు నొక్కులు! ఖాళీ జాగా మీద!

ముందు నేనే నమ్మలేదు. ఒక్కోసారి పక్క బొమ్మ అంచు కనిపించకుండా ఇటు పరుచుకుని ఉంటుంది. మనం ఖాళీ మీద నొక్కామనుకుంటాం, అది పక్కింటికి పోతుంది. పక్క బొమ్మల అంచులు రెండూ కొలిచి చూశాను. సరిగ్గానే ఉన్నాయి. వేలు జారిందా అంటే అదీ కాదు. నొక్కడం, వదలడం రెండూ ఒకే గడిలో జరిగితేనే అది నొక్కు కింద లెక్క. జారితే చిట్టాలోకి ఎక్కదు. ఇవన్నీ నిదానంగా, గడి నడిమధ్యలో పడినవి.

అంటే బొమ్మ పోయినా దాని వెనకాల తలుపు ఇంకా పనిచేస్తోంది. ఓదెలుకు ఆ సంగతి తెలుసు. మనిషి లేని ఇంటికి రోజూ రెండుసార్లు గాలి పోస్తున్నాడు.

ఎవరైనా ఉన్నారేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఉంటే బొమ్మ ఉండేది కదా. మూడు వందల పన్నెండు ఇళ్లలో ఒక్కరైనా పట్టని మనిషి ఉంటారా?


దిగుడు 4121, మొదటి షిఫ్ట్

ఇవాళ కావాలనే షిఫ్ట్ మారాక కూడా కూర్చున్నాను. ఓదెలు టిఫిన్ డబ్బా తెరిచాడు. మళ్లీ పుట్టగొడుగులే, ఒక్కోటి అరచెయ్యంత ఉంది. ఈ బాయిలో పంచాయితీ తోటలో మొలిచేవి గుండీలంత కూడా ఉండవు. ఇంత లావు పెరగాలంటే మంచి తేమ కావాలి, మనుషులు పీల్చని గాలి కావాలి.

ఇవి ఎక్కడివని అడిగాను.

"కిందికెల్లి వచ్చినయి అక్కా. టబ్బుల పెట్టి పంపిండ్రు. నువ్వూ తిను."

ఎవరు పంపారంటే, తినేటప్పుడు పేర్లెందుకని నవ్వాడు. తరువాత చూపు పక్కకు తిప్పి మౌస్ తుడవసాగాడు. ఎన్నడూ తుడవనివాడు! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

నాకు అంతా విడమరిచి చెప్పినట్టు అర్థమైంది. బాయి అడుగున ఏదో ఖాళీ ఇల్లు. దాని బొమ్మను ఎలాగో ఊడ్పించాడు. అందరి గాలితో అక్కడ తోట వేశాడు. ఇద్దరు పిల్లలను పెంచుతున్నవాడు, ఆశ పుట్టి ఉంటుంది. నేను మాత్రం ఒంటిదాన్ని, ఈ కుర్చీ తప్ప నాకు ఇంకేదీ లేదు. అందులో దొంగ కూర్చున్నా చూసి ఊరుకుంటే రేపు నన్నూ దొంగ అంటారు.

పుట్టగొడుగులు రెండు తిన్నాను. సాక్ష్యం కోసం రుచి చూడాలి కదా. బాగున్నాయి, అదే కోపం.


దిగుడు 4122, మొదటి షిఫ్ట్

చిట్టా నకలు తీసుకెళ్లి సర్దార్ నర్సింగం ముందు పెట్టాను. మధ్యాహ్నానికే పంచాయితీ కూడింది.

ఓదెలు దేనికీ అబద్ధం చెప్పలేదు. ఖాళీ మీద నొక్కింది తానేనన్నాడు. ఎవరి ఇల్లని అడిగితే నోరు మెదపలేదు. ఆ గడికి గాలి మాత్రం ఆపొద్దని, ఇంకో పదిహేను రోజుల్లో బొమ్మల దినం వస్తుంది కదా, అందరికీ కొత్తగా ఫొటోలు తీసేటప్పుడు మీకే తెలుస్తుందని అన్నాడు. ఆ మాట విని సగం మంది నవ్వారు.

నియమం ఎందుకు పుట్టిందో నర్సింగం గుర్తుచేశారు. పూర్వం ఇళ్లకు నంబర్లుండేవి. కుర్చీలో ఉన్న ఒకాయన ఆరు కొట్టబోయి తొమ్మిది కొట్టాడు. ఆరో ఇంట్లో నలుగురు పోయారు. ఆ తరువాతే నంబర్లు తీసేసి ముఖాలు పెట్టుకున్నాం. మనిషి ముఖం చూసి గాలి ఇవ్వాలి. చూడకుండా ఇచ్చేవాడు చూడకుండా ఆపనూగలడు. ఓదెలును కుర్చీ నుంచి తీసేసి, పైన ఫ్యాన్ల దగ్గర మసి తుడిచే పనికి పంపారు. కొత్త మనిషి దొరికేదాకా రెండు షిఫ్టులూ నావే.

పోతూ పోతూ నా దగ్గర ఆగాడు. కోపంగా ఉంటాడనుకున్నాను, లేడు. చిన్నగా, పక్కవాళ్లకు వినపడకుండా చెప్పాడు.

"విమలక్కా, ఆ ఖాళీ జాగల దినాం నాలుగుసార్లు నొక్కు. ఎవలదని అడుగకు, ఎవ్వలకు చెప్పకు. నొక్కు, గంతే."

ఎంత ధైర్యం! తన తోటకు నన్ను నీళ్లు పోయమన్నట్టుంది. సరే సరే అని పంపించేశాను.

రెండు షిఫ్టులూ చేశాను. ఐదో వరుస తొమ్మిదో గడిని ప్రతిసారీ దాటిపోయాను.


దిగుడు 4123, రెండు షిఫ్టులు

నిల్వ గాలి ఎంతుందో చూపే ముల్లు బాగా పైన ఉంది. పొదుపైన గాలిని పక్క ఇళ్లకు సర్దాను. నర్సింగం శభాష్ అన్నారు.

ఓదెలు లేకపోతే గది బోసిగా ఉంది. రెండుసార్లు నేనే ఒక బొమ్మతో దగ్గు తగ్గిందా అన్నాను, నవ్వొచ్చింది. పిచ్చి అంటుకుంటుంది కాబోలు.


దిగుడు 4124, మొదటి షిఫ్ట్ నడుమ

ఇది వరసగా రాయలేకపోతున్నాను.

పొద్దున దిగువ వరుసలో ఉండే సుగుణ వచ్చింది. ఇంట్లోకి నీళ్లొస్తున్నాయని, మంచం కోళ్లు మునిగాయని అంది. బాయి ఊట నీళ్లను తోడి పైకి పంపే పంపు అన్నిటికంటే అడుగు అంతస్తులో, పదిహేడో డిప్పులో ఉంటుంది. దిగువ ఇళ్ల ముందరి గుంటల నీళ్లనూ గొట్టంతో అదే లాగుతుంది. అది ఆగినట్టుంది.

పంపు దగ్గర ఎవరుంటారని అడిగాను. సుగుణ కొంచెంసేపు ఆలోచించింది.

"ఎవలో ఉన్నరు గద... బానక్క. బానక్కే గదనే, నువ్వూ ఆమె ఒక్క షిఫ్టుల టబ్బులు గుంజిండ్రు గద."

బానక్క. రెండేళ్లు నాతో కలిసి పట్టాల మీద టబ్బు బండ్లు లాగిన మనిషి. కాలు నలిగాక కూర్చుని చేసే పని కావాలంటే పంపు దగ్గరికి పంపారు. అప్పట్నుంచి అక్కడే ఒంటరిగా ఉంటోంది. ఏడాదికి ఒకసారి, బొమ్మల దినం నాడు పైకి వస్తుంది. పంపు దగ్గర గోడలకు పుట్టగొడుగులు మొలుస్తాయని, ఎవరైనా అడిగితే పంపిస్తానని పోయినసారి నాతోనే చెప్పింది.

తెర దగ్గరికి పరుగెత్తాను. మొదటి వరుస నుంచి ఒక్కో ముఖం చూసుకుంటూ పోయాను. ఇరవై నిమిషాల్లో ముగించే దాన్ని, ఇవాళ ఒక్కో ముఖాన్నీ చూశాను. పదమూడు వరుసల్లో బానక్క లేదు.

ఐదో వరుస తొమ్మిదో గడి మీదికి వేలు తెచ్చాను. ఈ కుర్చీలో కూర్చున్న తొమ్మిదేళ్లలో ఎన్నడూ ఖాళీ మీద నొక్కలేదు. మొదటిసారి నొక్కాను గానీ వేలు జారి పక్క బొమ్మ మీద వదిలింది. నొక్కు చెల్లలేదు. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని మళ్లీ నొక్కాను. ఏదీ మెరవలేదు. మెరవడానికి బొమ్మ ఉంటే కదా. పడిందో లేదో తెలియక గాలి ముల్లును చూస్తూ నిలబడ్డాను. అది వెంట్రుకవాసి కిందికి దిగింది.

తలుపు తెరుచుకుంది. రెండు రోజుల తరువాత.

సుగుణను తెర ముందు కూర్చోబెట్టి, ఆ గడి చూపించి, ముల్లు పైకి లేచినప్పుడల్లా నొక్కుతూ ఉండమని చెప్పాను. ముఖం లేదు కదా అంది. నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. ఇప్పుడు నర్సింగంతో కలిసి కిందికి పోతున్నాను.


దిగుడు 4125, మొదటి షిఫ్ట్

బానక్క బతికే ఉంది.

గాలి తలుపు ముందర ఎత్తు గచ్చు మీద పడుకుని ఉంది, తలుపు సందుకు నోరు పెట్టి. మేము పోయేసరికి గాలి పడుతోంది. మనిషి పెదవులు నల్లబడ్డాయి. లేపి కూర్చోబెడితే నన్ను చూసి మొదట అడిగింది పైన అందరూ ఎలా ఉన్నారని.

"మొన్నటిదాక సగం గాలే వచ్చింది. అందరికీ సగమే వస్తది గావచ్చు, ఓర్సుకోవాలె అనుకున్న. తర్వాత అదీ రాలే. పైన పిల్లలెట్లున్నరో అని రంది పడ్డ."

అందరికీ తక్కువైందనుకుంది. తనకొక్కదానికే ఆగిందని ఆమె మనసుకు తట్టలేదు.

పైకి తెచ్చి డాక్టరమ్మ దగ్గర పడుకోబెట్టాం. నర్సింగం ముఖం మాడిపోయింది. పట్టు పెట్టె తాళం తీయించారు. ఎవరి బొమ్మను ఎవరు పట్టారో, ఎవరు ఏనాడు విడిచారో అందులో ఉంటుంది. బానక్కను మొదట ఏడుగురు పట్టి ఉన్నారు. ఇద్దరు చనిపోయారు. నలుగురు ఊడ్పు వారంలో విడిచారు, ఇంకెవరో పట్టే ఉంటారులే అనుకుని. పట్టు విడిచేవాళ్లు ఇంకొకరి పట్టు ఉందో లేదో అడిగి విడవాలి, అది రెండో నియమం. కుర్చీలో ఉన్నవాళ్లు అడగకుండా విడిస్తే కుర్చీ పోతుంది.

చివరి పేరు నర్సింగం పైకి చదవలేదు. కాగితం నా వైపు తిప్పారు.

గోమాస విమల.

నాకు బానక్క మీద కోపం లేదు. గొడవా లేదు. గొడవ ఉంటే కనీసం గుర్తుండేది. పదకొండు విడిస్తే రెండు బకెట్ల వేడినీళ్లు. అది పదకొండోది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, దొంగ కోసం తొమ్మిది రోజులుగా ఈ పుస్తకం నిండా రాశాను.


అదే రోజు, సాయంత్రం

ఓదెలును పిలిపించారు. మసి ముఖంతోనే వచ్చాడు. ముందే ఎందుకు చెప్పలేదని పంచాయితీ అడిగితే నా వైపు చూశాడు. చెప్పమన్నాను.

యంత్రం ఊడ్చేటప్పుడు చివరగా విడిచినవాళ్ల బొమ్మను ఒక్క క్షణం తెర మీద చూపిస్తుందట. అది సెకండ్ షిఫ్ట్‌లో ఊడ్చింది. నా ముఖం కనిపించిందట. బయటపెడితే నాకు కుర్చీ పోతుంది. నాతో చెప్పినా, నియమమంటూ నేనే బయటపెట్టుకుంటానని అనుకున్నాడట. ఊడ్చిన బొమ్మను మళ్లీ పెట్టాలంటే పంచాయితీ ముందర ఫొటో తీయాలి, కారణం రాయాలి. అందుకని బొమ్మల దినం దాకా ఖాళీ మీదే నొక్కుతూ నెట్టుకొద్దామనుకున్నాడు. ఆ గడి బానక్కదని అతనికి ఎలా గుర్తుందంటే, రోజూ ఆమెతో మాట్లాడేవాడు కనక.

"తప్పు నాదీ ఉన్నది. అక్క నొక్కుతదనుకున్న. నొక్కమని చెప్పినంక నొక్కదా అనుకున్న."

లేచి నిలబడి, ఈ తొమ్మిది రోజుల రాతలూ పంచాయితీ ముందర మొదటి నుంచి చదివాను. పుట్టగొడుగులు రెండు తిన్నానని ఉన్న చోటు కూడా వదలకుండా చదివాను. ఎవరూ నవ్వలేదు.


దిగుడు 4126, షిఫ్ట్ అప్పగింత

కుర్చీ ఓదెలుకు తిరిగి ఇచ్చారు. బానక్క కోలుకునేదాకా పదిహేడో డిప్పులో పంపు నేను చూసుకోవాలి. నేనే అడిగాను.

కుర్చీ దిగేవాళ్లకు ఒక ఆచారం ఉంది. మామూలుగా మన బొమ్మను ఎవరు పట్టారో మనకు చెప్పరు, చెబితే కాపురాలు కూలతాయని. కుర్చీ దిగే రోజు మాత్రం మన కాగితం మనకు చూపిస్తారు, ఇన్నాళ్లు అందరికీ గాలి ఇచ్చిన మనిషి కదా అని. మర్యాద అది. నర్సింగం కాగితం నా చేతికిచ్చి పక్కకు తిరిగారు.

ఒకప్పుడు తొమ్మిది పేర్లుండేవి. ఎనిమిది మీద గీత ఉంది. కొన్ని ఊడ్పు వారంలోనివే, వాళ్లకూ వేడినీళ్లు కావాలి కదా. మిగిలింది ఒకటే పేరు, బానక్కది. తొమ్మిదేళ్ల కిందటి పట్టు.

అంటే ఆ రెండు రోజుల్లో ఆమె ఊపిరి ఆగిపోయి ఉంటే, వచ్చే ఊడ్పులో నా గడి కూడా బూడిద రంగుకు తిరిగేది. ఇది కాదు నన్ను కోసింది. ఆమె దగ్గరికి పోయి మంచం పక్కన కూర్చున్నాను. నేను చేసింది అప్పటికే ఆమెకు తెలుసు, సుగుణ చెప్పిందట. అయినా నా నోటితో మళ్లీ చెప్పాను. తరువాత అడిగాను. ఊడ్పు వారం వచ్చింది, నేను ఆరేళ్లుగా నిన్ను చూడటానికి కూడా రాలేదు, నా బొమ్మ ఎందుకు పట్టుకుని ఉన్నావని.

బానక్కకు ఆ ప్రశ్న అర్థం కాలేదు.

"కింద నా మొఖం జూసేటోళ్లు ఎవలున్నరు విమలా. నువ్వు దినాం రెండుసార్లు జూస్తవ్ గద. గందుకే పట్టిన."

ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది. నేను ఎన్నడూ చూడలేదని చెప్పాలని నోరు తెరిచాను, చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

ఓదెలూ, షిఫ్ట్ నీకు అప్పగిస్తున్నాను. ఐదో వరుస తొమ్మిదో గడిలో ఇవాళ్టి నుంచి కొత్త బొమ్మ ఉంది. ఫొటోకు కదలకుండా కూర్చోమంటే బానక్క దగ్గింది, అందుకని కొంచెం చెదిరింది. పట్టులో మొదటి పేరు నీది, రెండోది నాది. మౌస్ తుడిచాను. నేను పదిహేడో డిప్పులోకి దిగుతున్నాను. బానక్క మళ్లీ కిందికి వచ్చేదాకా ఆ గడి మీద నొక్కినప్పుడు తలుపు నా దగ్గర తెరుచుకుంటుంది. ఆమె ముఖానికి చెప్పే మాటే చెప్పు, చాలు.